మైకులో అయిదో మాట

గుడ్ ఫ్రైడే ఊళ్ళో మిగతావాళ్ళకు సెలవు, మాకు పస్తు. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగదు, తలకు నూనె పెట్టుకోం, మధ్యాహ్నం మూడయ్యేదాకా మంచినీళ్ళు కూడా ముట్టం. బడిలో సారు మాత్రం ముందురోజే నవ్వుతూ "హ్యాపీ గుడ్ ఫ్రైడే" అనేవారు. అదెలాంటి రోజో ఆయనకు చెప్పే ఓపిక నాకెప్పుడూ లేకపోయింది.

తొంభైలలో, శామీర్‌పేట వైపు మా రేకుల చర్చిలో ఆ రోజు పన్నెండు నుంచి మూడుదాకా ఆరాధన జరిగేది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడాలి. ఎప్పుడూ మగవాళ్ళే. ఒక సంవత్సరం, దాహం గురించిన అయిదో మాట చెప్పాల్సినాయనకు జీడిమెట్లలో డ్యూటీ పడింది. పాస్టరుగారు ఉన్నట్టుండి మా అమ్మను లేపారు.

అమ్మా, నాయినను కన్న మా అవ్వా పటేలు ద్రాక్షతోటలో కూలికి పోయేవాళ్ళు. ఎండకు రేకులు కాలుతున్నాయి. అమ్మ నోరు పిడచకట్టుకుపోయింది.

"నాకు వాక్యం ఎక్కువ తెల్వది. దూప తెలుసు. పటేలు తోటల పండ్లు మా చేతులతోనే కోస్తం, డబ్బాలల్ల సర్దుతం. షెడ్డుల నీళ్ళకుండ మాత్రం ముట్టనియ్యరు. దోసిలి పడితె పైకెల్లి పోస్తరు. సగం మోచేతుల పొంటి కారిపోతది" అని కూర్చుంది.

చర్చి మీద మైకు ఉందని అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. ఆ మాట పటేలు ఇంటిదాకా వినపడి ఉంటుంది.

మూడింటికి పస్తు విడిచే మజ్జిగ ఇస్తే అవ్వ తాగకుండా పక్కన పెట్టింది. "గా ముచ్చట మైకుల జెప్పాల్నా? రేపు పనిలకెల్లి తీసేస్తే ఏం తింటమే?" అంది. అమ్మ తన మజ్జిగ తాగి లేచింది. నాకు భయం వేసింది, గర్వంగానూ ఉంది.

మర్నాడు నేనూ వాళ్ళ వెంట తోటకు వెళ్ళాను. పనిలోంచి ఎవరూ తీసేయలేదు. పటేలు వాళ్ళ గ్లాసు ఎప్పటిలాగే లోపల కుండ మీద ఉంది. షెడ్డు బయట గుంజకు మాత్రం కొత్త స్టీలు గ్లాసొకటి దారంతో కట్టి ఉంది.

అవ్వ ముఖం విప్పారింది. "సూసినవా, మనకోసమే తెచ్చిండ్రు. ఇగ మోచేతులకు కారది" అంటూ గ్లాసు పట్టింది. తోటమాలి పైనుంచి పోశాడు. అవ్వ కడుపునిండా తాగింది.

అమ్మ ఆ గ్లాసును ముట్టలేదు. తోట చివరనున్న బోరుదాకా ఎండలో నడిచిపోయి, వంగి, పైపు కింద తన దోసిలి తానే పట్టుకుని తాగింది.