నలభై రెండు అచ్చిందా?

మొన్న గోదావరిఖనిలో మా పాప క్రాస్ కంట్రీ పరుగును ఫోటో తీద్దామని ముగింపు గీత దగ్గర నిలబడ్డాను. మట్టిగుట్ట వెనక్కి వెళ్లిన పిల్లలంతా తిరిగొచ్చారు, తను తప్ప.

గని క్వార్టర్లలో పెరిగినవాళ్లకు గుర్తుందా, గనిలో ప్రమాదమైతే వేళగాని వేళ మోగే సైరన్? అమ్మ పిండి చేతులతోనే నన్ను లాక్కుని ల్యాంపు రూముకు ఉరికేది. గనిలోకి దిగే ప్రతి మనిషి లైటుకూ ఒక నంబరు ఉండేది. దాని అర ఖాళీగా ఉంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. లైట్లిచ్చే ఆయనను అమ్మ ఎన్నడూ నాన్న పేరుతో అడిగేది కాదు. "అన్నా, నూటపద్దెనిమిది అచ్చిందా?" అనేది.

ఫోన్ దించి పక్కనున్న పీఈటీ సార్‌ను అడిగాను. "సార్, నలభై రెండు అచ్చిందా?"

అంతలో పాప రొప్పుతూ వచ్చింది. "నాకు పేరు లేదా అమ్మా? నంబరుతోని అడుగుతున్నవేంది?"

ముందు తన చొక్కా మీది ఆ నంబరు కాగితం పీకేశాను. ఫోటో తర్వాత తీశాను.