ముఖం చూసి చెప్పేవాడు

అతను బస్సుల్లో టికెట్లు తనిఖీ చేస్తాడు. ఎక్కీ ఎక్కగానే దొంగను పట్టేస్తాడని డిపోలో డేగ అని పేరు పెట్టారు. ఇరవై ఆరేళ్ళుగా అందరినీ అడిగే అలవాటు అతనికి లేదు. మెట్టు మీద నిలబడి ఒకసారి ముఖాలన్నీ చూసేవాడు. చూపు తిప్పుకున్నవాణ్ణి, చెమట పట్టినవాణ్ణి, ఊరికే జేబు తడుముకున్నవాణ్ణి మాత్రమే అడిగేవాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటాడు కదా. అతనికి తెలిసిన శాస్త్రం అదొక్కటే.

దొరికినవాళ్ళ కథలు డిపోలో టీ తాగుతూ చెప్పేవాడు. నవ్వుతూ వినేవారు. టీ అయిపోగానే ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోయేవారు.

అతనిది ఒకే గది. రెండు మంచాలు. రెండోదాని మీద ఉతికిన బట్టలు పడేస్తాడు. తొమ్మిదేళ్ళ కిందట అది తమ్ముడి మంచం. చనిపోయిన తండ్రి చేతిగడియారం అలమరలో కనబడని రోజున, తమ్ముడు పని నుంచి వచ్చాడు. నుదుటి మీద చెమట. చూపు నేల మీద.

“నువ్వే తీశావు. నీ ముఖమే చెబుతోంది.”

“అయితే నా ముఖంతోనే మాట్లాడుకో, అన్నా.”

విప్పిన చెప్పులు మళ్ళీ వేసుకుని వెళ్ళిపోయాడు. గడియారం కోసం అన్న ఇంకెక్కడా వెతకలేదు. తెలిసిపోయినదాన్ని వెతకడం ఎందుకు?

ఈమధ్య పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. నెలరోజులపాటు ఒక్క సీటూ వదలకుండా ప్రతి మనిషినీ అడగాలి. డేగకు అది అవమానంగా తోచింది. రోజూ తాను ఎక్కే బస్సు కండక్టరమ్మతో ఆ మాటే అన్నాడు.

“మీరు దొరికినవాళ్ళ కథలే చెబుతారు సార్,” అందామె. “దొరకనివాళ్ళు వచ్చి చెప్పరుగా!”

“నీకేం తెలుసమ్మా. చెప్పి మరీ పట్టుకుంటా చూడు.”

“సరే. ముందు ఎవరో చూపించండి, తర్వాత అడగండి. నేను రాసిపెడతా.”

అతను చూపించాడు. ఆమె అట్టముక్క మీద గీతలు గీసింది. నెలాఖరున ఇద్దరూ ఖాళీ బస్సులో కూర్చుని చూశారు. అతను వేలు చూపించినవాళ్ళు అరవై మంది. వాళ్ళలో టికెట్ లేనివాళ్ళు నలుగురు. అతను పెద్దమనిషి అనుకుని దాటిపోయేవాళ్ళలో దొరికినవాళ్ళు ముప్ఫై ఏడుగురు. కళ్ళజోడు పెట్టుకుని, పేపరు చదువుతూ, రోజూ అతనికి నమస్కారం పెట్టే ముసలాయన కూడా అందులో ఉన్నాడు.

“పోన్లెండి సార్,” అంది కండక్టరమ్మ. “నలుగురైతే దొరికారు.”

ఆమె దిగి వెళ్ళిపోయింది. అతను అట్టముక్క మీది గీతలు మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. మిగిలిన యాభై ఆరు గీతల్లో ఒక్క ముఖం కూడా గుర్తు రాలేదు. ఒక నుదురు మాత్రం గుర్తొచ్చింది.

ఆదివారం బస్సెక్కి, టికెట్ తీసుకుని, ఊరి రెండో కొసకు వెళ్ళాడు. మోటార్లకు రాగితీగ చుట్టే చిన్న షెడ్డు. పైన రేకులు. తమ్ముడు తల దించుకుని చుట్లు లెక్కపెడుతున్నాడు. జుట్టు నెరిసింది.

“గడియారం దొరికిందా?” అన్నాడు తల ఎత్తకుండా.

“లేదు.”

“మరి ఎందుకొచ్చావు?”

తమ్ముడు తీగ వదిలి లేచి, ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“చూడు. బాగా చూసి చెప్పు. తీశానా?”

రేకుల వేడికి తమ్ముడి నుదుటి మీద చెమట పట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అన్న ఆ ముఖాన్ని చాలాసేపు చూశాడు.

“తెలీదురా.”

“తొమ్మిదేళ్ళ కిందట తెలిసిందిగా?”

“అప్పుడూ తెలీదు.”

తమ్ముడు తీశాననీ అనలేదు, తీయలేదనీ అనలేదు. అన్న అడగలేదు. వీధిలో ఒక బస్సు ఆగి కదిలిపోయింది. తమ్ముడు వెళ్ళి తన పీట మీద కూర్చున్నాడు.

“లెక్క తప్పించావు,” అన్నాడు. “ఇప్పుడంతా విప్పి మొదటినుంచి చుట్టాలి.”

అన్న గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“అలా చూస్తూ నిలబడకు. వచ్చి ఆ కొస పట్టుకో.”