గొలుసు అడిగి తెచ్చుకున్న సాయంత్రం

ఒక మాట నా దవడ కింద వాపులా ఉండిపోయి చాలా ఏళ్లయింది. నొప్పి పెట్టదు. తగ్గదు. అద్దంలో కనపడదు కాబట్టి ఇంతకాలం మనిషిలా తిరిగాను. పేరు రాయడం లేదు, ఏమీ అనుకోకండి. ఉక్కు ఊళ్లో బతికినా నాది తుక్కు గుండె.

తొంభైలలో భిలాయిలో ఒక డాక్టరు దగ్గర పనిచేసేవాణ్ణి. సూదులు ఉడకబెట్టడం, పేర్లు పిలవడం, డాక్టరు హిందీని మనవాళ్లకు తెలుగు చేయడం. సెక్టర్ 7లో మా పక్క క్వార్టర్ అప్పలరాజుది. శ్రీకాకుళం వైపువాడు, ప్లాంటులో క్రేను నడిపేవాడు. ఒక చలికాలం అతనికి చెవుల కింద రెండు వైపులా ఉబ్బింది. జ్వరం లేదు, నొప్పి లేదు. గవదబిళ్లలే అనుకున్నాం. మావైపు గవదలొస్తే వాపు దిగేదాకా మెడలో బంగారు గొలుసు ఉంచుతారు. వాళ్లింట్లో పుస్తెలు తప్ప బంగారం లేదు. నా భార్య తన గొలుసు తీసి ఇచ్చింది. ఇవ్వమన్నది నేనే. అంతవరకు నేను మంచివాణ్ణి.

నెల దాటినా దిగకపోతే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లిందీ నేనే. ఆయన స్కానింగ్‌కు పంపి, ఆ తర్వాత సూదితో నీళ్లు లాగారు. చెంపలు చదునయ్యాయి. స్కానింగ్ కాగితం మర్నాడు వచ్చింది. లాలాజల గ్రంథుల్లో, రెండు వైపులా, నీటి తిత్తులు. ఇలా ఉంటే హెచ్‌ఐవీ ఉందేమో చూడాలనీ, రక్తపరీక్ష చేస్తేగాని చెప్పలేమనీ, భార్యనూ తీసుకురమ్మని మెల్లగా నచ్చజెప్పమనీ డాక్టరు అన్నారు. తాకితే అంటదని కూడా అన్నారు. నాకు తెలుసు. ఆ మాట రాసిన కాగితం గోడకు అంటించింది నేనే.

అయినా ఇంటికి నడుస్తుంటే నాకు అప్పలరాజు గుర్తు రాలేదు. గొలుసు గుర్తొచ్చింది. రేపు అది మళ్లీ నా భార్య మెడలో పడుతుంది కదా, ఇంకా ఎన్నాళ్లు అతని ఒంటి మీద ఉంటుంది, అనుకున్నాను. కానీ జబ్బు ఉండగా గొలుసు వెనక్కి అడగరు. జబ్బు పోయిందంటేనే అడగాలి.

అతను గుమ్మంలో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు.

"అన్నియ్యా, ఏటన్నారు డాక్టరు? నెల్లాళ్లు ప్లాంటులో నన్ను లడ్డూ భయ్యా అన్నారు. రేపు ఏటంటారో."

"గవదలేరా. నీళ్లు లాగీసినారు కదా, ఇంకేటి బెంగ? గొలుసు ఇచ్చీ, మీ వదిన అడుగుతోంది."

"మళ్లీ రమ్మన్నారేటి?"

"అక్కర్నేదు."

అతని భార్య రవణమ్మ లోపలినుంచి అంది: "సూది గొప్పేటీ నేదు బావగారూ, అంతా అక్క గొలుసు గొప్పే."

అతను నవ్వి గొలుసు తీసి, కళ్లకద్దుకుని ఇచ్చాడు. మర్నాడు డాక్టరుతో, అప్పలరాజు సెలవు మీద ఊరెళ్లాడని చెప్పాను. సూదులు ఉడికే డబ్బాలోనే గొలుసునూ ఉడకబెట్టాను. దానికి ఏ జబ్బూ లేదు. ఉన్నది నాకు.

కొన్ని నెలలకు వాపు మళ్లీ వచ్చింది. రవణమ్మ గొలుసు కోసం మా గుమ్మంలోకి వచ్చింది. అతుకు ఊడిందమ్మా, కంసాలి దగ్గరుంది అన్నాను. అప్పుడైనా నోరు విప్పితే? విప్పలేదు. మొదటి అబద్ధం బయటపడుతుందని రెండోది, రెండోదాని కోసం మూడోది. అబద్ధాలకు అతుకులు మాత్రం నేను బాగా వేస్తాను.

రెండేళ్ల తర్వాత అతను జ్వరంతో మంచం పట్టాక వేరే డాక్టరు రక్తపరీక్ష చేయించాడు. ఉంది. రవణమ్మకూ ఉంది. ఆమెకు ఎప్పుడు సోకింది? నేను గొలుసు అడిగిన సాయంత్రానికి ముందా, ఆ తర్వాత రెండేళ్లలోనా? ముందేనని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. అది నమ్మకం కాదు, కోరిక.

అతను పోయాక ఆమెను పుట్టింటికి పంపడానికి స్టేషనుకు వెళ్లాం. రైలు కదిలేముందు రవణమ్మ కిటికీలోంచి నా భార్య చెయ్యి పట్టుకుంది. "మెడలో బంగారం తీసి ఇచ్చినోళ్లు అక్కా మీరు. మర్చిపోను" అంది. నేను మంచినీళ్ల సీసా నింపే వంకతో కుళాయి దగ్గరకు వెళ్లిపోయాను. ఆ తర్వాత ఆమె కబురు తెలియలేదు. తెలుసుకోలేదు అనడమే నిజం.

గొలుసు ఇప్పటికీ నా భార్య మెడలోనే ఉంది. ఆమెకు ఇదేమీ తెలియదు. చెప్పాల్సింది మీకు కాదని తెలుసు. అయినా చాలా ఏళ్లకు, ఈ పూట, ఉమ్మి అడ్డం లేకుండా గొంతు దిగింది.