మైకు మౌనం నేర్చిన విధం

ఆ హెడ్ కానిస్టేబుల్ గారి గొంతును భగవంతుడు మరేదో యంత్రం కోసం తయారుచేసి, పొరపాటున మనిషికి బిగించాడని పెద్దల అభిప్రాయం. ఇంట్లో ఆయన ఉప్పు అడిగితే వీధి చివరివాళ్లు గిన్నె పట్టుకొచ్చేవారట. డిపార్ట్‌మెంట్ మొత్తానికీ ఆయన ‘మైకు’. రద్దీలో ఆ గొంతు లాఠీకన్నా ఎక్కువే పనిచేసేది.

అటువంటి మహానుభావుణ్ణి, మనసు చెదిరినవాళ్లతో ఎలా మెలగాలో నేర్చుకోమని శిక్షణకు పంపారు. అక్కడ పాఠం చెప్పిన డాక్టరమ్మ సూత్రాలు నాలుగే: కింద కూర్చోవాలి, మనమెవరో చెప్పాలి, తొందరపెట్టకూడదు, అబద్ధమాడకూడదు. ఆఖర్న పరీక్ష. ఆఫీసు గుమస్తా రోగి వేషం కట్టి కుర్చీ ఎత్తాడు. మైకు గారు రెప్పపాటులో అతని చేతులు వెనక్కి విరిచి, బేడీలు తగిలించి, “దొరికాడమ్మా!” అని సగర్వంగా ప్రకటించారు. తాళంచెవి స్టేషన్లో ఉండిపోయింది. గుమస్తా ఆ పూట భోజనం పరుల చేత్తో చేశాడు.

కొద్దిరోజులకే కబురొచ్చింది. బజారులో ఒక దర్జీ, షట్టరు సగం దించుకుని దుకాణంలో కూర్చున్నాడు. ఎవరో తనను ఎత్తుకుపోతారని భయం. చేతిలో బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర.

“కొట్టకండన్నా,” అంది బయట నిలబడ్డ భార్య. “చెడ్డవాడు కాదు. వారంగా కంటిమీద కునుకు లేదాయనకి.”

“షట్టరెత్తి మీద పడిపోదాం,” అన్నాడు కుర్ర ఎస్సై.

“పడితే ఆ కత్తెర ఎవరి పొట్టలోనో దిగుతుంది సార్,” అన్నారు మైకు గారు. “ నన్ను మాట్లాడనివ్వండి.”

“మీరా? మీరు నోరు తెరిస్తే ఆయన అటకెక్కుతాడు!”

మైకు గారు టోపీ, బెల్టు, లాఠీ పక్కనపెట్టి షట్టరు ముందు నేలమీద చతికిలబడ్డారు. ఆయన గుసగుస అంటే లోకంలో మామూలు మాట.

“నేను హెడ్ కానిస్టేబుల్ని. కింద కూర్చున్నాను. ఇప్పుడు...” అని ఆగిపోయారు.

“ఇప్పుడేంటి?” లోపల్నుంచి దర్జీ.

“మర్చిపోయానండీ. నాలుగు చెప్పారు, రెండే గుర్తున్నాయి.”

“ఎవరు చెప్పారు?”

“డాక్టరమ్మ. పరీక్ష తప్పాను కూడా. రోగికి బేడీలేశాను.”

“రోగికా?”

“రోగి వేషం కట్టిన గుమస్తాకి. తాళంచెవి లేదు. అన్నం ఇంకెవరో తినిపించారు పాపం.”

లోపల దగ్గో నవ్వో వినిపించింది. “నాకూ వేస్తారా?”

అబద్ధమాడకూడదన్నది మైకు గారికి సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది. “కత్తెర ఇటిచ్చేస్తే వెయ్యను. ఆస్పత్రికి వెళ్దాం. చెల్లెమ్మ మీ పక్కనే కూర్చుంటుంది. ఇంటికి ఎప్పుడు పంపిస్తారో మాత్రం నాకు తెలీదు.”

“నిద్ర పట్టిస్తారా?”

“దానికేగా వెళ్దామంటున్నది.”

తరువాత లోపల మాట లేదు. బయటా లేదు. ఎస్సై రెండడుగులు ముందుకేస్తే మైకు గారు వెనక్కి చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టారు. కాళ్లు తిమ్మిరెక్కినా కదల్లేదు. ఆ నిశ్శబ్దం ఎవరైనా చరిత్రలో రాయదగినది.

చివరికి షట్టరు కిందనుంచి కత్తెర బయటికొచ్చింది. దర్జీల మర్యాద ప్రకారం, పిడి వైపు ముందుగా.

జీపులో వెనకసీటున భార్యాభర్తలు పక్కపక్కనే కూర్చున్నారు. వీధి మలుపు తిరక్కముందే ఆవిడ మొగుడి భుజంమీద తల వాల్చి నిద్రపోయింది. వారంగా ఆవిడ కూడా పడుకున్నది లేదని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

దర్జీ ముందుకు వంగి, డ్రైవరు వీపు తట్టాడు.

“కాస్త మెల్లగా పోనివ్వండి బాబూ. లేస్తుంది.”