పచ్చ స్టిక్కరు అంటించింది ఎవరు?

తమిళనాడులోని సత్రపట్టిలో బ్యాండేజి గుడ్డ కంపెనీలో పదకొండేళ్లు కట్టలు కట్టాను. గుడ్డ మడిచి, కవర్లో పెట్టి, క్రిములు చచ్చేలా ఆవిరి మిషన్లోకి పంపుతాం. ఆవిరి పట్టిన కట్టకే పచ్చ స్టిక్కరు వేయాలి. ఆస్పత్రిలో నర్సు ఆ స్టిక్కరును నమ్మి పుండు మీద గుడ్డ వేస్తుంది.

పోయిన ఏడు ఒక శనివారం మిషను మొరాయించింది. సోమవారం పొద్దున్నే లారీ వస్తుంది. సూపర్వైజరు స్టిక్కర్ల చుట్ట నా చేతిలో పెట్టాడు.

"అట్నే అంటించుమా. ఎవురు చూస్తారు?"

"దేవుడు చూస్తాడు సార్. నా చేత్తో అంటించేది లేదు."

చుట్ట బల్ల మీద పడేసి, చేతులు దులుపుకుని ఇంటికి వచ్చేశాను.

మాకు ఇంట్లో తెలుగు, చర్చిలో తమిళం. ఆదివారం సాక్ష్యాల సమయంలో అందరికంటే ముందు నేనే లేచాను. శోధన వచ్చింది, ప్రభువు గెలిపించాడు అన్నాను. సూపర్వైజరు కళ్లెర్రజేశాడన్నది మాత్రం నేను కలిపిందే. ఆడవాళ్లంతా స్తోత్రం, స్తోత్రం అన్నారు. చంకలు గుద్దుకుంటూ బయటికి వచ్చాను.

చెప్పులు వేసుకుంటుంటే, నా పక్క బల్ల దగ్గర పనిచేసే పిల్ల కొంగు పట్టుకుంది. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"అక్కా, నువ్వు పోయినాక ఆ చుట్ట నాకిచ్చినారు. అన్ని కట్టలకీ నేనే అంటిస్తిని."

చుట్టను ఆమె ముందు పడేసి వచ్చింది నేనే కదా! నా చేయి శుభ్రంగా ఉంటే చాలనుకున్నాను. ఆ గుడ్డ ఎవరి పుండు మీద పడుతుందో ఒక్కసారి కూడా తలచుకోలేదు.

"రా, ముదలాళి ఇంటికి పోయి చెప్తాము."

"వద్దక్కా! నా పని పోతాది. నాకిప్పుడు మూడో నెల."

ఆమెను అక్కడే వదిలి షేర్ ఆటో ఎక్కాను. ముదలాళి, అదే మా కంపెనీ ఓనరు, వరండాలో పేపరు చదువుతున్నాడు. ఆవిరి పట్టని కట్టలకు స్టిక్కర్లు పడ్డాయనీ, లారీ ఎక్కించవద్దనీ చెప్పాను.

"ఎవురు అంటించినారు?"

"నేనేనయ్యా."

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. గంట కిందట దేవుడి ముందు అంటించలేదన్న నోరు ఇదే. అబద్ధం ఇంత సులువుగా వస్తుందా అని ఇప్పటికీ దిమ్మెరపోతుంటాను.

కట్టలన్నీ విప్పించారు. సూపర్వైజరుకు నా మాట కలిసొచ్చింది, బుద్ధిగా తలూపాడట. నా పని పోయింది. దొంగసాక్ష్యం చెప్పిందన్న మాట మా వీధిలో నాకంటే ముందే ఇల్లు చేరింది.

మరుసటి ఆదివారం పాస్టరు సాక్ష్యాలకు పిలిచాడు. నా పక్కన ఆ పిల్ల ఏడుస్తూ లేవబోయింది. నేను చేయి పట్టుకుని కూర్చోబెట్టేశాను.