పంతులమ్మగారి పిడికిలి

ఇప్పటికీ ఎవరైనా గొప్పలు చెబుతుంటే నా చెయ్యి దానంతటదే పిడికిలి బిగిస్తుంది. అది మూడో తరగతి పంతులమ్మగారి చలవ.

రాజోలు దగ్గర మా బడిలో ఉన్నది ఒకే ఒక్క చారిత్రక నవల. జట్లుగా కూర్చుని వంతులవారీగా పైకి చదివేవాళ్ళం. ఆవిడ మధ్యలో వేలు పెట్టి పుస్తకం మూసేవారు. "ఇది జరిగిందా, అల్లిందా?" అనేవారు. జరిగిందనుకుంటే అరచెయ్యి, రచయిత అల్లిందనుకుంటే పిడికిలి ఎత్తాలి.

రాజుగారి ఏనుగులు శ్రావణమాసంలో గోదావరి దాటాయని చదివిన రోజున గదంతా పిడికిళ్ళే.

"వరదలో పడవలే కట్టేస్తారు కదండీ!" అంది రేవు దగ్గరి పిల్ల. ఆవిడ మొహం వెలిగిపోయింది.

అంతలో ఇనస్పెక్టరుగారు వచ్చారు. పాఠం మానేసి ఈ నవలేమిటని చిరాకుపడ్డారు. పంతులమ్మగారి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆయన రాసే మాట మీదే ఆధారపడి ఉంది. అయితే మేం చెప్పిన వరద మాట వినగానే ఆయనకి హుషారొచ్చింది.

"మీ వయసులో నేను వరద గోదావరిని ఈదేసేనర్రా!" అన్నారు.

అలవాటు కొద్దీ అందరం పిడికిళ్ళు ఎత్తేశాం.

ఆయన ఆవిడవైపు తిరిగారు. "మీరేమంటారమ్మా?"

పంతులమ్మగారు మా చేతులన్నీ ఒకసారి చూశారు. తర్వాత తనూ పిడికిలి ఎత్తారు.



"ఆయ్, అల్లిందేనండీ," అని ఇనస్పెక్టరుగారు మా పక్కనే చాప మీద చతికిలపడ్డారు. "చదవండర్రా, ఆ ఏనుగులు ఏమయ్యాయో."