పక్క సీటు మేడమ్

ఆమె కుడికాలు ఎక్కడ కూర్చున్నా బ్రేకు తొక్కేది. బస్సులో కూర్చుంటే ముందు సీటు కింద నొక్కేది. సినిమా హాల్లో తెరమీద కార్లు గుద్దుకోబోతుంటే నేలను అదిమి పట్టేది. ఒకసారి పంటి డాక్టరు కుర్చీని వెనక్కి వాల్చగానే ఎంత జోరుగా కాలు తన్నిందంటే, పక్కనున్న పళ్లెం ఎగిరి పనిముట్లన్నీ గదంతా చెల్లాచెదురయ్యాయి. "ఇంకా ముట్టుకోలేదు కదమ్మా" అన్నాడు డాక్టరు, బిక్కమొహం వేసి.

డ్రైవింగ్ స్కూలు కార్లలో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక క్లచ్చూ ఒక బ్రేకూ ఉంటాయి. నేర్చుకునేవాళ్లు కంగారులో ఒకటి తొక్కబోయి ఇంకోటి తొక్కితే, పక్క సీట్లోంచి బండిని ఆపడానికి. ఆ సీట్లో ఆమె పదిహేనేళ్లకు పైగా కూర్చుంది. స్టూడెంట్లు ఎదురుగా 'మేడమ్' అనేవాళ్లు, చాటుగా 'బ్రేకు మేడమ్' అనేవాళ్లు. రెండోది ఆమెకు తెలుసు. మొదట్లో దానికి మురిసిపోయేది కూడా.

పెళ్లికి ముందు ఇంకొకరి డ్రైవింగ్ స్కూల్లో ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేసింది. ఆడవాళ్లు వచ్చి, నేర్పేది మగవాళ్లేనని తెలిసి, మళ్లీ వస్తామని వెళ్లిపోతుండేవాళ్లు. మళ్లీ వచ్చేవాళ్లు కాదు. అది చూసి తనే నేర్చుకుంది, నేర్పడానికి లైసెన్సు తెచ్చుకుంది, ఒక పాత కారు కొంది. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే భర్త సెలవు రోజుల్లో కారు కడిగిపెట్టేవాడు. కళ్లద్దాల షాపుకీ జిరాక్స్ షాపుకీ మధ్య ఒక షట్టరు గది అద్దెకు దొరికింది. ఒక కారు నాలుగు కార్లయింది, నేర్పడానికి ఇద్దరు మనుషులు వచ్చారు. కానీ వచ్చిన ప్రతి ఆడమనిషీ "మేడమే నేర్పాలి" అనేది. కాదనడం ఆమెకు చేతనయ్యేది కాదు.

అలా పొద్దున్నే ఆ సీట్లో కూర్చుంటే చీకటి పడేదాకా దిగే పని ఉండేది కాదు. ఒక స్టూడెంటు దిగుతుంది, ఇంకో స్టూడెంటు ఎక్కుతుంది. ఆమె మాత్రం అదే సీట్లో, అదే బెల్టులో. ఎన్నాళ్లుగానో అవే మాటలు. "మెల్లగా... క్లచ్ మెల్లగా వదలండి. ఏం కాదు. నేనున్నాను కదా." గొంతు పెంచకూడదు. పెంచితే ఎదుటి మనిషి చేతులు బిగుసుకుపోతాయి. పెంచని ఆ గొంతంతా ఇంటికి వచ్చేది.

"స్టూడెంట్లకి తేనె కలిపి చెప్తావు, నాకు మాత్రం మంచినీళ్లు కావాలన్నా హారన్ కొట్టినట్టు చెప్తావు" అనేవాడు భర్త.

"మీరూ ఫీజు కట్టండి" అనేది ఆమె. ఇద్దరూ నవ్వేవాళ్లు. తర్వాత తర్వాత ఆమె నవ్వడం మానేసింది.

ఒకరోజు పొద్దున ఒక స్టూడెంటు కారు ఆపి దిగి వెళ్లిపోయింది. తర్వాత రావాల్సినావిడ ఇంకా రాలేదు. కాస్త నడుము సాగదీసుకుందామని ఆమె తలుపు పిడి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి అక్కడే ఉండిపోయింది. దిగితే మళ్లీ ఎక్కలేనేమో అనిపించింది. అలాగని కూర్చోనూ లేకపోయింది. అద్దంలోంచి కళ్లద్దాల షాపు బోర్డు మీది అక్షరాలను ఒక్కొక్కటే చదువుకుంటూ ఉండిపోయింది. తర్వాతావిడ వచ్చి అవతలి తలుపు తెరిచి, "సారీ మేడమ్, లేటయింది" అంది.

"ఏం కాదు. బెల్టు పెట్టుకోండి" అంది ఆమె.

స్కూల్లో ఏదో తేడా ఉందని ముందు కనిపెట్టినవాడు ఆమె తమ్ముడు. రెండు మూడు ఆఫీసులకు లెక్కలు చూసే పని అతనిది. నెలకోసారి అక్క లెక్కలూ చూసిపెడతాడు. అలా వచ్చినప్పుడు ఒకసారి టీ తాగుతూ అన్నాడు.

"అక్కా, క్లాసుకింత అని తీసుకోవడం మానెయ్యవే. మొత్తానికి ఒకటే ఫీజు పెట్టు. లైసెన్సు చేతికొచ్చేదాకా నేర్పుతాం అని బోర్డు రాయించు. జనం ఎగబడి వస్తారు."

"ఆరు నెలలకీ నేర్చుకోనివాళ్లు వస్తే?"

"తొందరగా నేర్పాలి మరి. ఎంత తొందరగా నేర్పితే అంత మిగులు."

"నా దగ్గరికొచ్చేవాళ్లంతా భయస్తులురా. తొందరగా ఎలా నేర్చుకుంటారు?"

తమ్ముడు గ్లాసు కింద పెట్టాడు. "కోప్పడకు. సైలెన్సర్ గారి దగ్గరున్నవాళ్లు నీ దగ్గరున్నవాళ్ల కంటే చాలా ముందే రోడ్డెక్కేస్తున్నారు. చూశావా?"

సైలెన్సర్ అంటే ఆమె దగ్గర పనిచేసే ఇద్దరిలో పెద్దాయన. ఒకప్పుడు లారీలు తోలాడు. రోజుకు పట్టుమని పది మాటలు మాట్లాడడు కాబట్టి ఆ పేరు.

ఆమెకు కోపం రానే వచ్చింది. "ఆయన దగ్గరికి ధైర్యం ఉన్నవాళ్లు వెళ్తారు. పెద్ద కనిపెట్టేశావులే" అని లేచింది. లేవగానే కుడి మోకాలు కలుక్కుమంది. మళ్లీ కుర్చీలో కూలబడింది.

డాక్టరు మోకాలు నొక్కి చూసి, కాలు బాగా నలిగిపోయిందనీ, కొన్ని వారాలు పెడల్ తొక్కకూడదనీ చెప్పాడు. ఆమె స్టూడెంట్లందరినీ మిగతా ఇద్దరూ పంచుకోవాల్సి వచ్చింది. ఇంట్లో దిండు మీద కాలు పెట్టుకుని ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఫిర్యాదులు వస్తాయని ఎదురుచూసింది. రాలేదు. ఫోను పాడైందేమోనని భర్త ఫోనుతో చేసి కూడా చూసుకుంది.

కాస్త కాలు నిలిచాక ఆఫీసుకు ఆటోలో బయలుదేరింది. నాలుగు రోడ్ల కూడలి దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. ఎందుకా అని తల బయటపెట్టి చూస్తే, నడిమధ్యలో నిలబడిపోయిన బండి తన స్కూలుదే. స్టీరింగు దగ్గర రిటైరైన టీచరమ్మ. తన దగ్గర ఎన్ని నెలలుగానో నేర్చుకుంటున్నా ఖాళీ మైదానం దాటి బయటికి రాని మనిషి. చుట్టూ హారన్లు. ఎవడో కారు పక్కగా స్కూటరు పోనిస్తూ తిట్టిపోయాడు. పక్క సీట్లో సైలెన్సర్ చేతులు ఒళ్లో పెట్టుకుని, ఏదో పెళ్లి ఊరేగింపు చూస్తున్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఆమె కాలు ఆటో నేలను తొక్కింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "చెప్పండన్నా, ఏదో ఒకటి చెప్పండి" అని గొణిగింది. బండి ఒకసారి దగ్గి ఆగింది. ఇంకోసారి దగ్గింది. తర్వాత మెల్లగా కదిలి, మలుపు తిరిగి వెళ్లిపోయింది.

ఆఫీసు దగ్గర టీచరమ్మ మొహం ఎర్రగా ఉంది. ఆమెను చూడగానే చేతులు పట్టేసుకుంది.

"మేడమ్, చచ్చి బతికాననుకోండి! ఏడుపొచ్చేసింది. ఆయనేమో ఉలకరు, పలకరు. ఇంక చేసేదేముంది, నేనే స్టార్ట్ చేశాను. మీరైతే ఎంత బాగా చూసుకునేవారండీ. అసలు ఆగిపోయేదాకా రానిచ్చేవారే కాదు."

టీచరమ్మ దాన్ని మెచ్చుకోలుగానే అంది. ఆమెకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నేళ్లూ వాళ్లు తప్పు చేసేలోపే తన కాలు వెళ్లిపోయేది. అందుకే వాళ్లకు తప్పు చేయడం తెలియలేదు, దిద్దుకోవడమూ తెలియలేదు. భయస్తులు తన దగ్గరికి రావడం నిజమే. అదే భయంతో నెలల తరబడి తన దగ్గరే ఉండిపోవడమూ నిజమే. దానికి క్లాసుకింత చొప్పున తీసుకుంది.

టీచరమ్మ వెళ్లాక సైలెన్సర్‌ను అడిగింది. "మీకు భయం వెయ్యదా అన్నా?"

"వేస్తుంది మేడమ్."

"మరి?"

"కాళ్లు వెనక్కి పెట్టుకుంటాను."

ఆ వారమంతా ఆమె లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. తమ్ముడు చెప్పినట్టు ఒకటే ఫీజు పెడితే, తను నేర్పినంతకాలం స్కూలు మునుగుతుంది. బతకాలంటే ముందు తను సీట్లోంచి దిగాలి. దిగిపోవాలనే కదా ఇన్నాళ్లూ ఏడ్చింది! తీరా దారి కనిపిస్తే కాళ్లు రావడం లేదు.

"ఆఫీసు చూసుకో" అన్నాడు భర్త.

"అక్కడ చూసుకోడానికేముంది? ఒక టేబులూ, ఒక ఫ్యానూ."

"అయితే అమ్మేసెయ్. హాయిగా ఉందాం."

"అమ్మేస్తే వాళ్లిద్దరూ ఎక్కడికి పోతారండీ? ఈ వయసులో ఆయన్ని మళ్లీ లారీ ఎక్కమంటారా?" దిండు మీద కాలు సర్దుకుంటూ, "నేను మాత్రం ఎక్కడికి పోతాను?" అంది. భర్త ఆమె మోకాలికి మందు రాసి, తువ్వాలు చుట్టాడు.

చివరికి బోర్డు మార్చారు. తమ్ముడి అంచనా తప్పలేదు. జనం వచ్చారు. సైలెన్సర్ తనలాంటి మనిషినే, ఒక రిటైర్డ్ బస్సు డ్రైవర్ని తెచ్చాడు. భయస్తులైన ఆడవాళ్లు మొదటి వారం సణిగారు, తర్వాత నేర్చుకుని వెళ్లిపోయారు. ఇప్పుడు ఆమె టేబుల్ దగ్గర కూర్చుంటుంది. టెస్టు తప్పినవాళ్లు వచ్చి "లైసెన్సు వచ్చేదాకా అన్నారుగా" అని నిలదీస్తారు. వాళ్లకు సర్దిచెబుతుంది. కారు తిరిగొచ్చిన చప్పుడైతే చాలు, బయటికి వెళ్లి చుట్టూ తిరిగి గీతలు పడ్డాయేమో చూస్తుంది. తక్కిన సమయంలో ఫోన్లు ఎత్తుతుంది. పెళ్లికి ముందు చేసిన పనే. పైన ఫ్యాను తిరుగుతూ ఉంటుంది.

మొన్నొకరోజు పదకొండింటప్పుడు ఫోన్లేవీ రాలేదు. కార్లన్నీ క్లాసులకు వెళ్లి ఉన్నాయి. జిరాక్స్ షాపతన్ని కాస్త చూస్తుండమని చెప్పి నడుచుకుంటూ బయలుదేరింది. ఆ వేళప్పుడు వీధిలో ఒక్కతే నడిచి ఎన్నేళ్లయిందో. బట్టల షాపు అద్దాల ముందు ఆగింది. ఏమీ కొనేది లేదు. పార్కు గేటు దాకా వెళ్లింది. లోపల బెంచీల మీద ముసలివాళ్లు ఉన్నారు. వాళ్ల మధ్య కూర్చోవడం ఎలాగో తెలియలేదు. ఎవరికైనా ఫోన్ చేద్దామనుకుంది. ఉన్న నంబర్లన్నీ స్టూడెంట్లవే.

"ఏంటి మేడమ్, అప్పుడే వచ్చేశారు?" అన్నాడు జిరాక్స్ షాపతను.

"ఎండగా ఉంది" అంది ఆమె. మబ్బు పట్టి ఉంది.

లోపల, క్లాసు ముగించుకొచ్చిన సైలెన్సర్ నిలబడి ఉన్నాడు. "కొత్తావిడ వచ్చారు మేడమ్. కళ్లద్దాల షాపు దగ్గర నిలబడ్డారు. మీరే నేర్పాలంట."

ఆమె గబుక్కున కుర్చీలో కూర్చుంది. "నేను లేనని చెప్పండన్నా."

ఆయన తలుపు వైపు చూశాడు. గాజు తలుపు. అవతల హ్యాండ్‌బ్యాగు గుండెకు అదుముకుని నిలబడ్డ ఒకావిడ ఆమెనే చూస్తోంది. చూసి బెరుగ్గా చెయ్యి ఊపింది.

ఏం చేయాలో తోచక ఆమె కూడా చెయ్యి ఊపింది.